చెవి తమ్మె వెనక దీపం

2021 మే నెలలో మన ఊళ్ళల్లో ఇంటింటికీ ఒక చిన్న క్లిప్పు వచ్చి చేరింది. బట్టలు ఆరేసుకునే క్లిప్పు కంటే కాస్త పెద్దది. వేలికి తగిలిస్తే లోపల ఎర్రగా వెలిగి ఒక అంకె చూపించేది. 97 వస్తే ఇల్లంతా కుదుటపడేది. 93కి దిగితే ఆస్పత్రిలో బెడ్ ఎక్కడుందా అని ఫోన్లు మొదలయ్యేవి. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళల్లో ఒకటే తికమక. పెద్దాయన మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు, మనవడితో వీడియో కాల్లో నవ్వుతున్నాడు. క్లిప్పు మాత్రం 78 అంటోంది. "బ్యాటరీ అయిపోయినట్టుంది, మార్చి చూడండి" అనేవాళ్ళు. మార్చి చూసినా 78 మీదే ఉండేది. డాక్టర్లు దానికి హ్యాపీ హైపాక్సియా అని పేరు పెట్టారు. ఒంట్లో ఆక్సిజన్ అడుగంటుతున్నా మనిషికి ఏ బాధా తెలియకపోవడం అన్నమాట.

ఈ సంగతి అప్పుడే కొత్తగా బయటపడిందని చాలామంది అనుకున్నారు. నిజానికి దీనికి అప్పటికే నూట నలభై ఆరేళ్ళ వయసు. ఆ క్లిప్పుకీ ఆస్పత్రి అత్తిల్లే గాని పుట్టిల్లు కాదు. అది యుద్ధ విమానం నడిపేవాళ్ళ కోసం పుట్టింది. దాని పూర్వీకులను వెతుక్కుంటూ పోతే ఒక బెలూన్ కింద వేలాడే వెదురుబుట్ట దగ్గర ఆగుతాం.

1875 ఏప్రిల్ 15. పారిస్‌లోని లా విలెట్ గ్యాస్ ఫ్యాక్టరీ ఆవరణ. జెనిత్ అనే బెలూన్ ఎక్కి ముగ్గురు బయల్దేరారు. గాస్తోన్ తిసాందియే సైన్సు పత్రిక నడిపేవాడు, జోసెఫ్ క్రోసె-స్పినెల్లి ఇంజనీరు, తెయొదోర్ సివెల్ పాత నావికుడు. తలల పైన మూడు సంచులు వేలాడదీసుకున్నారు. వాటి నిండా ఆక్సిజన్ ఎక్కువగా కలిపిన గాలి ఉంది. ఒక్కో సంచికి ఒక రబ్బరు గొట్టం. గాలి కొంచెమే ఉంది కాబట్టి పొదుపుగా వాడాలని, నిజంగా అవసరమైనప్పుడే గొట్టం నోట్లో పెట్టుకోవాలని ముగ్గురూ అనుకున్నారు.

వాళ్ళలో ఇద్దర్ని చంపింది ఆ ఒప్పందమే.

ఏడు వేల మీటర్లు దాటాక సివెల్ ఇసుక సంచుల తాళ్ళు కోసేశాడు. బరువు తగ్గి బెలూన్ ఇంకా పైకి లేచింది. ఆ తర్వాత తన స్థితిని తిసాందియే రాసిపెట్టాడు. బాధ లేదు, భయం లేదు. ఏదో తెలియని సంతోషం, చుట్టూ వెలుగు పొంగుతున్నట్టు. ఎక్కడున్నామో, ఎంత ప్రమాదంలో ఉన్నామో అన్న ధ్యాసే లేదు. పైకి పోతున్నాం, అదే ఆనందం. గొట్టం అందుకుందామనుకుంటే చెయ్యి లేవలేదు. ఎనిమిది వేల మీటర్లకు వచ్చామని చెబుదామంటే నాలుక కదల్లేదు. కళ్ళు మూతలు పడ్డాయి. మెలకువ వచ్చేసరికి బెలూన్ కిందికి పడిపోతోంది. పక్కనున్న ఇద్దరూ నల్లబడిన ముఖాలతో, నోట నెత్తురుతో చచ్చిపడి ఉన్నారు. వాళ్ళు ఎక్కిన ఎత్తు సుమారు 8,600 మీటర్లని పరికరాలు చెప్పాయి. తిసాందియే బతికాడు గాని వినికిడి పోయింది. పారిస్‌లోని పెర్ లాషేజ్ శ్మశానంలో ఆ ఇద్దరి సమాధి ఇప్పటికీ ఉంది. ఒకే దుప్పటి కింద, చేతిలో చెయ్యి వేసుకుని పడుకున్న రెండు కంచు విగ్రహాలు.

ఎత్తుకు పోతే స్పృహ తప్పుతుందని అప్పటికి తెలియదనుకుంటే పొరపాటు. 1862 సెప్టెంబర్ 5న ఇంగ్లండులో వాతావరణ శాస్త్రవేత్త జేమ్స్ గ్లేషర్, బెలూన్ నడిపే హెన్రీ కాక్స్‌వెల్ ఇద్దరూ అంతకన్నా ఎత్తుకే పోయారు. ముందు గ్లేషర్‌కు థర్మామీటర్ మీది గీతలు కనిపించడం మానేశాయి, తర్వాత చేతులు చచ్చుబడ్డాయి, ఆ తర్వాత స్పృహ పోయింది. కాక్స్‌వెల్ చేతులు చలికి కొయ్యబారిపోతే వాల్వ్ తాడును పళ్ళతో పట్టుకు లాగి బెలూన్‌ను దింపాడు. తెలివి రాగానే గ్లేషర్ చేసిన మొదటి పని పెన్సిల్ తీసి మళ్ళీ రీడింగులు రాసుకోవడం. అలాంటి మనుషులు వాళ్ళు.

జెనిత్ లో పోయిన ఇద్దరి విషయం అంతకన్నా విడ్డూరం. ఏడాది కిందటే, 1874లో, ఈ ప్రమాదం రుచి వాళ్ళు నేల మీదే చూశారు. పారిస్‌లో పాల్ బెర్ అనే శరీరశాస్త్రవేత్త దగ్గర పెద్ద పెద్ద ఇనుప పీపాల్లాంటి గది ఉండేది. రేకులు రివెట్లతో బిగించి, చూడటానికి గాజు కిటికీలు పెట్టిన గది. పంపుతో గాలి లాగేస్తే నేల మీదే కూర్చుని ఎవరెస్టు ఎక్కినట్టు. దాన్ని కట్టడానికి డబ్బిచ్చినవాడు మెక్సికో పీఠభూమిలో వైద్యం చేసి వచ్చిన జూర్దానె అనే డాక్టరు. ఆ గదిలో కూర్చుని ఆక్సిజన్ పీలిస్తే కళ్ళు ఎలా తేటపడతాయో క్రోసె-స్పినెల్లికి, సివెల్‌కి స్వయంగా తెలుసు.

బెర్ కనిపెట్టింది చెప్పుకోవడానికి చిన్న విషయమే. ఎంత ఎత్తుకు పోయినా గాలిలో ఆక్సిజన్ పాలు ఐదో వంతే, అది తగ్గదు. తగ్గేది పీడనం. 18,000 అడుగుల దగ్గర గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో సగం, అంటే ఆక్సిజన్‌ను రక్తంలోకి నెట్టే బలమూ సగమే. కొండ జబ్బుకు చలి కారణం, అలసట కారణం, పీడనం తగ్గితే నరాలు చిట్లడం కారణం అని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకుంటున్న రోజులవి. అసలు కారణం ఆక్సిజన్ ఒత్తిడి చాలకపోవడమేనని ఆయన వందల ప్రయోగాలతో తేల్చాడు. ముందు పిచ్చుకలను పెట్టాడు, తర్వాత తనే లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఒకసారి గదిలో తన నాడి ఇరవై సెకన్లు లెక్కపెట్టుకున్నాడు. నిమిషానికి ఎంతో తెలియాలంటే మూడుతో గుణించాలి. పాల్ బెర్ అంతటివాడికి మూడో ఎక్కం రాలేదు. ఆక్సిజన్ గొట్టం నోట్లో పెట్టుకోగానే లెక్క తేలికైపోయింది. ఈ సంగతి దాచుకోకుండా రాశాడు చూడండి, ఆయన మీద గౌరవం అందుకే.

జెనిత్ బయల్దేరే ముందు వాళ్ళు ఎంత ఆక్సిజన్ తీసుకెళ్తున్నారో బెర్‌కు తెలిసింది. ఆ సమయానికి ఆయన పారిస్‌లో లేడు. అది చాలదని ఉత్తరం రాశాడు. ఉత్తరం చేరేసరికి ఆలస్యమైపోయింది. 1878లో ఆయన తన ప్రయోగాలన్నీ వెయ్యి పేజీలు దాటిన పుస్తకంగా అచ్చువేశాడు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడానికి ప్రపంచానికి 65 ఏళ్ళు పట్టింది. 1943లో, బాంబర్లు పాతిక వేల అడుగుల ఎత్తున తిరుగుతున్న రోజుల్లో, అవసరం ముంచుకొచ్చి అనువదించారు.

ఆక్సిజన్ ప్రాణం నిలుపుతుందని జెనిత్‌లో పోయిన ఆ ఇద్దరికీ తెలుసు. అది చేతికందే దూరంలోనే ఉంది. చిక్కంతా ఎప్పుడు అందుకోవాలన్న దగ్గరే వచ్చింది. "ఇప్పుడు అవసరం" అని చెప్పాల్సింది మెదడు. ముందుగా మసకబారేదీ అదే. దొంగ ఇంట్లో దూరగానే ముందు కాపలావాడికి మందు పోసినట్టు. 25,000 అడుగుల దగ్గర మాస్కు తీస్తే పైలట్‌కు పనికొచ్చే తెలివి మూడు నుంచి ఐదు నిమిషాలు, 35,000 దగ్గర ఒక్క నిమిషం లోపే. ఆ కాస్త సమయంలోనూ అతను తనంత బాగా విమానం నడిపేవాడు లేడనుకుంటూ ఉంటాడు. వైమానిక దళాల్లో పైలట్లను తక్కువ పీడనపు గదిలో కూర్చోబెట్టి, మాస్కు తీసి చిన్న కూడికలు చేయిస్తారు, పేరు రాయిస్తారు. మొదటి వరుసలో చక్కగా ఉన్న అక్షరాలు మూడో వరుసకల్లా కోడి కెలికినట్టవుతాయి. కాగితం చూపించేదాకా తను తప్పు రాశానని అతను ఒప్పుకోడు. మన దేశంలో ఈ పనికి పెద్ద దిక్కు బెంగళూరులో 1957లో మొదలైన విమానయాన వైద్య సంస్థ.

అందుకని బయటి నుంచి చూసి చెప్పే సాధనం ఒకటి కావాల్సి వచ్చింది. 1935లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ మాథెస్ చెవికి రెండు రంగుల వెలుగు పంపి రక్తంలో ఆక్సిజన్ కొలిచాడు. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్రగా ఉంటుంది, ఎర్ర వెలుగును పోనిస్తుంది. ఆక్సిజన్ లేనిది నల్లబడి దాన్ని మింగేస్తుంది. చెవి తమ్మె పల్చగా ఉంటుంది కాబట్టి వెనక దీపం పెడితే ఇవతలికి కనిపిస్తుంది. చిన్నప్పుడు చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి వేళ్ళు ఎర్రగా మెరవడం చూసినవాళ్ళకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

దీన్ని పైలట్లకు పనికొచ్చేలా చేసినవాడు గ్లెన్ మిల్లికన్ అనే అమెరికన్. యుద్ధంలో పైలట్లు ఎత్తున స్పృహ తప్పుతున్నారని, చెవికి తగిలించుకునే తేలికైన పరికరం చేసి 1942లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆక్సీమీటర్ అన్న మాట ఆయన పెట్టిందే. ఆయన ఇంటి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆయన భార్య క్లేర్, 1924లో ఎవరెస్టు మీద ఆక్సిజన్ సీసాలు మోసుకుంటూ పైకి వెళ్ళి తిరిగిరాని జార్జ్ మాలరీ కూతురు. మామగారు ఆక్సిజన్ చాలని చోట మాయమయ్యారు, అల్లుడు ఆక్సిజన్ ఎంతుందో చెప్పే పరికరం చేశాడు. మిల్లికన్‌కూ కొండలెక్కడం పిచ్చి. 1947లో టెనెసీలో కొండ ఎక్కుతుంటే రాయి పడి పోయాడు.

యుద్ధకాలంలో ఈ జ్ఞానం కోసం ఇంకో దారీ తొక్కారు. 1942లో దాహౌ నిర్బంధ శిబిరంలో నాజీ డాక్టర్ జిగ్మండ్ రాషెర్ ఖైదీలను తక్కువ పీడనపు గదిలో పెట్టి, ఎంత ఎత్తు దగ్గర ఎలా చనిపోతారో చూశాడు. పదుల కొద్దీ మనుషులు ఆ గదిలోనే ప్రాణాలు వదిలారు. పాల్ బెర్ తన నాడి తాను లెక్కపెట్టుకున్న గదీ అదే రకం గది. తర్వాత న్యూరెంబర్గ్‌లో డాక్టర్ల మీద జరిగిన విచారణలో ఇది ప్రధాన అభియోగాల్లో ఒకటి.

మిల్లికన్ పరికరం మన వేలి క్లిప్పుగా మారడానికి ఇంకో మనిషి రావాలి. జపాన్‌లో తకువో అవొయాగి అనే ఇంజనీరు చెవి మీద వెలుగు పెట్టి వేరే ఏదో కొలుస్తుంటే నాడి కొట్టుకోవడం వల్ల రీడింగు ఎగిరెగిరి పడేది. అందరూ విసుక్కునే ఆ ఎగురుడే తనకు కావాల్సిందని ఆయనకు తట్టింది. కొట్టుకునేది ధమని రక్తమే కదా, ఆ కొట్టుకునే భాగాన్ని మాత్రం చూస్తే చాలు. 1974లో దాన్ని బయటపెట్టాడు. 2020 ఏప్రిల్ 18న, ఆయన ఆలోచన ప్రపంచంలో ప్రతి వేలికీ ఎక్కుతున్న రోజుల్లో, 84 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఈలోగా విమానాలు వేరే దారి పట్టాయి. మనిషికి మాస్కు తగిలించడం కన్నా విమానానికే గాలి నింపడం మేలన్నారు. ఒంటికన్ను పైలట్ వైలీ పోస్ట్ 1934లో రబ్బరు సూటులో గాలి నింపుకుని 40,000 అడుగులకు పోయాడు. చమురు బావుల దగ్గర ప్రమాదంలో పోయిన కంటికి వచ్చిన పరిహారంతో తొలి విమానం కొనుక్కున్న మొండివాడు. బోయింగ్ స్ట్రాటోలైనర్ 1940లో గాలి నింపిన క్యాబిన్‌తో ప్రయాణికులను ఎక్కించుకుంది. నేల మీది పీడనమే పెడితే విమానం గోడలు మరీ మందంగా, బరువుగా చెయ్యాలి. అందుకని 8,000 అడుగుల దగ్గర రాజీ పడ్డారు. బయట విమానం 36,000 అడుగుల్లో ఉన్నా చాలావాటిలో లోపలి గాలి దాదాపు 8,000 అడుగుల గాలి. అంటే తిరుమల కొండకు దాదాపు మూడు రెట్ల ఎత్తున, ఊటీ కన్నా పైన కూర్చున్నట్టు. ప్రయాణికుడు ఏడాదికి రెండుసార్లు కూర్చుంటాడు, పైలట్లూ క్యాబిన్ సిబ్బందీ వారానికి నాలుగైదు రోజులు అక్కడే కాపురం. గాలి ఎడారి కన్నా పొడి, కళ్ళు మండుతాయి, చెవులు దిబ్బడేస్తాయి, జలుబుతో ఎక్కితే కర్ణభేరికే ముప్పు.

అలవాటైన ఈ ఏర్పాటు ఒక్క మీట పొరపాటుతో ఎలా విడిపోతుందో 2005 ఆగస్టు 14న హేలియోస్ అనే కంపెనీ విమానం చూపించింది. సైప్రస్‌లోని లార్నాకా నుంచి ఏథెన్స్ పోతోంది. క్యాబిన్‌లో గాలి నింపే మీట ఆటో మీద కాక మాన్యువల్ మీద ఉండిపోయింది. పైకి పోతుంటే హారన్ మోగింది. అదే మోత నేల మీద ఇంకో తప్పుకీ మోగుతుంది. పైలట్లు ఆ రెండోదే అనుకున్నారు. ఏసీ గోలేమిటని కంపెనీ ఇంజనీర్లతో రేడియోలో మాట్లాడుతూనే స్పృహ తప్పారు. విమానం ఆటోపైలట్ మీద ఇంధనం అయ్యేదాకా తిరిగి కొండల్లో కూలింది. 121 మంది పోయారు. చివర్లో చిన్న ఆక్సిజన్ సిలిండర్‌తో మెలకువగా ఉన్న క్యాబిన్ ఉద్యోగి కాక్‌పిట్‌లోకి వెళ్ళి కూర్చోవడం పక్కన ఎగురుతున్న గ్రీకు యుద్ధ విమాన పైలట్లు చూశారు. అప్పటికి సమయం మించిపోయింది.

సరే, ఆక్సిజన్‌కు మీటరు దొరికింది. మనసు అలసటకు?

ప్రయత్నం జరగలేదని కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిష్ వైమానిక దళంలో మార్టిన్ ఫ్లాక్ ఒక పరీక్ష పెట్టాడు. వైద్య విద్యార్థిగా ఉండగానే ఆర్థర్ కీత్‌తో కలిసి గుండెను కొట్టించే చిన్న కండర ముడిని 1907లో మోల్ అనే చిన్న జంతువు గుండెలో కనిపెట్టిన ఫ్లాకే ఈయన. పైలట్ గొట్టంలోకి ఊది పాదరసాన్ని 40 మిల్లీమీటర్ల దగ్గర నిలబెట్టాలి, ఊపిరి వదలకుండా ఎంతసేపు పట్టగలడో చూస్తారు, పక్కన నాడి లెక్కపెడుతుంటారు. బెదిరిపోయిన పైలట్ ముందే వదిలేస్తాడని ఆయన నమ్మకం. పాదరసం కొంత చెప్పింది. ఎవరు రేపు పొద్దున విమానం ఎక్కలేరో మాత్రం చెప్పలేకపోయింది.

రెండో యుద్ధం వచ్చేసరికి ఈ లోటుకు మనుషులు వెల చెల్లించారు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఒక విడత అంటే 30 దాడులు. సుమారు 1,25,000 మంది సిబ్బందిలో 55,573 మంది చనిపోయారు. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ పిల్లలు. తన మంచానికి అటూ ఇటూ మంచాలు ఖాళీ అవుతుంటే లెక్క ఎవరికైనా తెలుస్తుంది. ఎక్కనన్నవాడికి 1940 నుంచి అధికారులు పెట్టిన పేరు మూడక్షరాలు: ఎల్.ఎమ్.ఎఫ్. నైతిక స్థైర్యం లేనివాడని అర్థం. ఛాతీ మీది రెక్కల బ్యాడ్జీ ఊడబెరికేవారు, కాగితాల మీద ఆ మాట రాసి పంపేసేవారు. ఇరవై దాడులు చేసి వచ్చి ఇరవై ఒకటో దానికి ఆగిపోయినవాడికీ అది తప్పేది కాదు. నాకైతే ఇది ఆక్సిజన్ అయిపోయిన మనిషిని పిరికివాడని తిట్టినట్టే కనిపిస్తుంది.

స్క్వాడ్రన్ డాక్టర్లకు మాత్రం సంగతి తెలుసు. వాళ్ళ దగ్గర మీటరు లేదు, మెస్ ఉంది. ఎవడు ఒంటరిగా తింటున్నాడు, ఎవడు మునుపటి కన్నా ఎక్కువ తాగుతున్నాడు, టీ కప్పు పట్టుకుంటే ఎవడి చెయ్యి వణుకుతోంది, ఇంజన్ బాగాలేదని ఎవడు సగం దారిలో తిరిగొస్తున్నాడు. ఇదే వాళ్ళ పరికరం. చార్ల్స్ సైమండ్స్, డెనిస్ విలియమ్స్ అనే నాడీ వైద్యులు ఇలాంటి కేసులన్నీ కూడగట్టి పరిశీలించారు, 1947లో ఆ నివేదికలు అచ్చయ్యాయి. మొదటి యుద్ధంలో కందకాల్లో డాక్టరుగా ఉండి, తర్వాత చర్చిల్ వైద్యుడైన లార్డ్ మోరన్ 1945లో రాసిన పుస్తకంలో ధైర్యాన్ని దాచుకున్న సొమ్ముతో పోల్చాడు. ఎవడి దగ్గరా తరగనంత ఉండదు, తీస్తూ పోతే ఖాతా ఖాళీ అవుతుంది.

యుద్ధం అయ్యాక శత్రువు తుపాకీ పోయింది, మిగిలింది నిద్ర. ఆకాశం నుంచి ఒంటి మీద పడే రేడియేషన్ కూడా ఉంది. విక్టర్ హెస్ 1912లో బెలూన్‌లో 5,350 మీటర్లకు పోయి, పైకి వెళ్ళేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని కనిపెట్టాడు. పై నుంచి వచ్చే ఆ కిరణాలకు కాస్మిక్ కిరణాలని పేరు పెట్టింది రాబర్ట్ మిల్లికన్, ఆక్సీమీటర్ చేసిన మన గ్లెన్ తండ్రి. తండ్రి పేరు పెట్టిన కిరణాలను విమాన సిబ్బంది వృత్తిరీత్యా భరించే రేడియేషన్‌గా లెక్కించాలని రేడియేషన్ రక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ 1990లో చెప్పింది. ఏడాదికి ఒక్కొక్కరికి రెండు నుంచి ఐదు మిల్లీసీవర్టులు. అది లెక్కకు దొరికే వస్తువు, కంప్యూటర్ లెక్కగట్టేస్తుంది.

నిద్ర లెక్కకు దొరకదు. నాసా పరిశోధకులు పసిఫిక్ మీద గంటల తరబడి ఎగిరే పైలట్లకు ఎలక్ట్రోడ్లు తగిలించి చూశారు. ఒకరి తర్వాత ఒకరికి 40 నిమిషాలు కునుకు తీసే అవకాశం ఇస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, తర్వాత చురుగ్గా ఉన్నారు. కునుకు ఇవ్వనివాళ్ళ మెదడు విమానం దిగే వేళకు కూడా సెకన్ల పాటు నిద్రలోకి జారి వస్తోంది. అలా జారిన సంగతి మనిషికి చాలాసార్లు తెలియనే తెలియదు.

2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది పోయారు. కాక్‌పిట్ రికార్డర్ విన్న విచారణ బృందానికి మాటల కన్నా ముందు గురక వినిపించింది. కెప్టెన్ గంటా నలభై నిమిషాల పాటు నిద్రపోయి, దిగే వేళకు లేచాడు. గాఢనిద్ర నుంచి లేచినవాడికి కాసేపు ఉండే మొద్దుదనం గురించి నివేదిక రాసింది. ఆ రాత్రి అలసటను పట్టుకున్న పరికరం ఒక్క మైకు మాత్రమే. మన దగ్గర పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచే నిబంధనలు 2024 జనవరిలో వచ్చాయి. అవి అమల్లోకి రావడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

ఇవాళ్టికీ చాలాచోట్ల పైలట్ అలసటను కొలవడానికి వాడేది ఒక కాగితమో, ట్యాబ్ మీది తెరో. అమెరికా వైమానిక దళ పరిశోధకులు సామ్, పెరెల్లి 1982లో తయారుచేసిన పట్టిక అది. ఒకటి అంటే పూర్తి మెలకువ, ఏడు అంటే ఇక ఏ పనీ చెయ్యలేని అలసట. రాత్రి మూడున్నరకి, కింద బంగాళాఖాతం చీకట్లో ఉండగా, పైలట్ ఆ ఏడు అంకెలకేసి చూస్తాడు. తనకెలా ఉందో తనే ఆలోచించుకుని, మూడు మీద టిక్ పెడతాడు.